నడకకు పిల్లల్ని పిలిచే ముందు

బిడ్డా,

హనుమకొండలో పిల్లలకు రేస్ వాకింగ్, అదే నడక పందెం, నేర్పుతానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషమైందో! కానీ టెన్షన్ కూడా పట్టుకుంది.

మంచి బూట్లు, నీళ్లు, ఎండ ముదరకముందే ఇంటికి పంపడం. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. పరుగులో వెనకబడ్డ పిల్లల్ని తెచ్చి నడకలో నిలబెట్టకు. నేను పీఈటీగా ఉన్న రోజుల్లో పక్క స్కూలు సారు ఒకాయన ఇదే చేశాడు. జిల్లా మీట్‌కు ఎంట్రీలు నిండాలని, ఎనిమిది వందల మీటర్లలో ఆఖరున వచ్చిన పిల్లను వాకింగ్‌కు పంపాడు. రూల్ ఒక్కటీ చెప్పలేదు. ఎప్పుడూ ఒక కాలు నేల మీద ఉండాలని, ముందుకేసిన కాలు నేలకు తగిలినప్పటి నుంచి ఒళ్లు దాని మీదికి నిటారుగా వచ్చేదాకా మోకాలు వంగొద్దని ఆ పిల్లకేం తెలుసు? నడక తప్పుతోంది జాగ్రత్త అని జడ్జి పసుపు పలక ఎత్తి చూపిస్తే శభాష్ అంటున్నాడనుకుని ఇంకా జోరు పెంచింది. మూడు రెడ్ కార్డులు పడ్డాయి, బయటికి పంపేశారు. గ్యాలరీలో పిలగాళ్లు నడుము తిప్పుకుంటూ వెక్కిరించారు. ఆ పిల్ల మళ్లీ గ్రౌండ్ మొహం చూడలేదు. ఆ ఊరి నుంచి ఇంకో ఆడపిల్లా రాలేదు. నడక మన దగ్గర అట్లనే ఎండిపోయింది తల్లీ.

అందుకే ఇష్టపడి వచ్చినవాళ్లనే తీసుకో, ముగ్గురే వచ్చినా సరే. మొదటిరోజే తల్లిదండ్రుల్ని పిలిచి నువ్వే నడిచి చూపించు. నడుము తిరిగితేనే అడుగు సాగుతుందని వాళ్ల కళ్లకు కనబడాలి. 2014 ఏషియాడ్‌లో ఖుష్బీర్ కౌర్, 2022 కామన్వెల్త్‌లో ప్రియాంకా గోస్వామి ఈ నడకతోనే రజతాలు తెచ్చారు, ఆ వీడియోలు పెట్టు. ఒలింపిక్స్‌లో 50 కిలోమీటర్ల నడక టోక్యోతోనే ఆగిపోయింది కదా, ఇంకేం భవిష్యత్తు అని ఎవరైనా అంటే, పిల్లల్ని అంత దూరం నడిపించేదెవరని అడుగు.

చీకట్లో ములుగు రోడ్డు మీదికి మాత్రం తీసుకుపోకు. లారీలను తలుచుకుంటేనే నాకు గుండె దడ. జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) ట్రాక్ దొరకని రోజు ప్రాక్టీస్ మానెయ్, కొంపలేం మునగవు. కొత్తలో మోకాలి కింద ఎముక పొడుగునా మంట పుడుతుంది. ఓర్చుకోమని పిల్లల్ని కసరొద్దు, ఆ పూట కూర్చోబెట్టు. నీక్కూడా చిన్నప్పుడు నొప్పి దాచుకునే అలవాటుండేది, ఇప్పుడైనా మానుకో.

దసరాకు వస్తా. ట్రాక్ పక్కన నిలబడి ఒక్కొక్కరి మోకాళ్లు చూసి చెప్తా. ఈలోగా ఎవరెవరు చేరారో ఆదివారం ఫోన్ చేసి పేరుపేరునా చెప్పు.

మీ పెద్దబాపు