అడుగున ‘ఇట్లు’ అని పేరు పెట్టేవాళ్లు ఉండాలి

కొన్ని యుద్ధాల మీద లక్షల మంది వీధుల్లోకి వస్తారు, అంతకు ఎన్నో రెట్లు మనుషులు చనిపోతున్న యుద్ధాలను ఎవరూ తలెత్తి చూడరు, ఎందుకని అడిగారు. నేను రాజనీతి శాస్త్రం చదవలేదు. ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశాను. నిరసన అనేది గోడ మీదికి ఎక్కకముందు మా బల్ల మీదికి వచ్చేది కాబట్టి, ఆ వైపు నుంచి నాకు తెలిసింది చెబుతాను.

మాది సూళ్లూరుపేట దగ్గర ఒక పల్లె. 2008లో చెన్నై ట్రిప్లికేన్‌లోని ఒక చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సులో డీటీపీ పనికి చేరాను. తమిళం మాట్లాడటం ఇంటి దగ్గరే వచ్చు, టైపు చేయడం అక్కడ నేర్చుకున్నాను. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, సంతాప పోస్టర్లు మా రోజువారీ తిండి. ఆ ఏడాది చివర్లో యుద్ధం కూడా ఆ జాబితాలో చేరింది.

ఆ చలికాలం (చెన్నైలో చలికాలం అనడం కాస్త ఎక్కువే) ఒకేసారి మూడు యుద్ధాలు నడిచాయి. శ్రీలంకలోని వన్ని ప్రాంతంలో సైన్యం, ఎల్‌టీటీఈ మధ్య ఆఖరి పోరు సాగుతోంది. 2009 జనవరి 2న కిలినొచ్చి సైన్యం చేతికి వచ్చింది. 2008 డిసెంబరు 27 నుంచి జనవరి 18 దాకా గాజా మీద ఇజ్రాయెల్ దాడిలో సుమారు 1,400 మంది పాలస్తీనీయులు చనిపోయారు. మూడోది తూర్పు కాంగోలోని కివు. అక్టోబరులో లారెంట్ న్‌కుండా తిరుగుబాటు దళం గోమా నగరం అంచుల దాకా వచ్చింది, కొద్ది నెలల్లో 2.5 లక్షల మంది ఇళ్లు వదిలి పారిపోయారు.

మా ప్రెస్సు లెక్క ఇలా ఉండేది. వన్ని మీద ఎన్ని పోస్టర్లు వేశామో లెక్కపెట్టలేను. గాజా మీద రెండు దఫాలు వేశాం, ఒకటి ముస్లిం సంఘం వాళ్లది, రెండోది ఎర్రజెండా వాళ్లది. కాంగో మీద ఒక్కటి కూడా లేదు.

చిత్రం ఏమిటంటే, ఆ మూడింటిలో మన సైనికులు నీలి టోపీలు పెట్టుకుని నిలబడి ఉన్నది కాంగోలోనే. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో భాగంగా వేలాది భారత సైనికులు ఉత్తర కివులో ఉన్నారు. ‘మనవాళ్లు ఉంటే మనం పట్టించుకుంటాం’ అనే మాట అక్కడే సగం వీగిపోతుంది. ఇక చావుల సంఖ్య అంటారా, 1998 నుంచి 2007 దాకా కాంగోలో యుద్ధం వల్ల, దాని వెంట వచ్చిన ఆకలి, మలేరియా, విరేచనాల వల్ల 54 లక్షల మంది చనిపోయి ఉంటారని ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ అంచనా వేసింది. ఆ లెక్క ఎక్కువని వాదించిన పరిశోధకులున్నారు. సగం కొట్టేసినా మిగతా రెండింటికీ అందనంత దూరం. అయినా ట్రిప్లికేన్‌లో ఎవరి గోడకూ మైదా జిగురు అంటలేదు.

ఇక్కడ పోస్టరు నిర్మాణం గురించి చెప్పాలి, నా జవాబంతా అందులోనే ఉంది. పైన ఒక సంబోధన ఉంటుంది: ‘మత్తియ అరసే!’, అంటే ‘కేంద్ర ప్రభుత్వమా!’ అని. దాని కింద ఒక ఆజ్ఞ: ‘పోరై నిరుత్తు’, యుద్ధం ఆపు. మధ్యలో ఒక బొమ్మ, సాధారణంగా ఒక పిల్లో తల్లో. అట్టడుగున ‘ఇవణ్’ అని, ఆ పక్కన సంఘం పేరు. మన కరపత్రాల్లో ‘ఇట్లు’ అని రాస్తామే, అదే. ఎవరిని అడుగుతున్నాం, ఎవరి కోసం, అడుగుతున్నది ఎవరు అన్న మూడూ నిండితేనే నేను ప్రూఫ్ తీసేవాణ్ని. ఒకటి ఖాళీగా ఉన్నా ఆ పోస్టరు పుట్టదు. కాంగో విషయంలో మూడూ ఖాళీయే. ఆపమని ఎవరికి చెప్పాలి? పొరుగున ఉన్న రువాండాకా, కాంగో రాజధాని కిన్షాసాలోని ప్రభుత్వానికా, డజన్ల కొద్దీ ఉన్న సాయుధ ముఠాలకా? మన ఫోన్లలో పడే టాంటలం అనే లోహం అక్కడి గనుల నుంచి కూడా వస్తుందని అప్పటికే పత్రికల్లో వచ్చింది, కానీ ‘ఫోనూ, యుద్ధం ఆపు’ అని ఎవరు అచ్చు వేయిస్తారు?

ఈ మూడింటిలో అన్నిటికన్నా బరువైనది ‘ఇట్లు’ అని నాకు నేర్పింది మా ముదలాళి, అంటే ప్రెస్సు యజమాని. తెలుగువాడే, రెండు తరాల కిందట చిత్తూరు నుంచి వచ్చిన కుటుంబం. వన్ని పోస్టర్లు గుట్టలుగా వెళ్తున్న రోజుల్లో ఒకసారి, “ఎంత బంధం చూడండి ముదలాళి, సముద్రం ఇవతల ఉన్నా ప్రాణం కొట్టుకుంటోంది” అన్నాను. ఆయన లెడ్జరు మూసి, “తంబీ, 1995లో జాఫ్నా నుంచి లక్షల మంది ఒక్కసారిగా మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. అప్పుడూ వీళ్లు తమిళులే, వాళ్లు తమిళులే. ఆ ఏడాది నేను వేసినవి రెండో మూడో ఉంటాయి” అన్నాడు.

కారణం తర్వాత అర్థమైంది. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగాక ఈళం (శ్రీలంక తమిళులకు సొంత దేశం) మాట ఎత్తడానికి తమిళనాడులో పెద్ద పార్టీలు భయపడ్డాయి. జనంలో జాలి ఉన్నా, పేరు పెట్టి నిలబడేవాళ్లు తగ్గిపోయారు. 2008 నాటికి పరిస్థితి మారింది. కేంద్రంలోని ప్రభుత్వం తమిళనాడు ఎంపీల మీద ఆధారపడి ఉంది, ఎదురుగా లోక్‌సభ ఎన్నికలున్నాయి. ఈళానికి మద్దతుగా మాట్లాడే వైకో, సీమాన్ లాంటివాళ్లు ప్రసంగాల కేసుల్లో అరెస్టయ్యారు. రాష్ట్రంలో అధికారంలో ఉన్న డీఎంకే కూడా ఊరుకోలేక అక్టోబరు 24న వానలోనే మానవహారం కట్టించింది. నేను ఆ రోజు మౌంట్ రోడ్డులో ఒక దుకాణం చూరు కింద తడవకుండా నిలబడి చూశాను. చేతులు కలిపి నిలబడినవాళ్ల మధ్య ఒక మనిషికి చోటుంది. వెళ్లలేదు. ప్రెస్సుకు కాగితం డెలివరీ రావాల్సి ఉందని నాకు నేను చెప్పుకున్నాను.

మా ముదలాళికి ఒక నియమం ఉండేది: పిల్లల ఫొటోలు వేస్తాం, ఎల్‌టీటీఈ నాయకుడు ప్రభాకరన్ ఫొటో వేయం. అప్పటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీదా ప్రెస్సు పేరు, ఊరు ఉండాల్సి వచ్చేది. అంటే ‘ఇట్లు’ కింద ఇంకో ‘ఇట్లు’ మాది. నిరసనకు ధర ఉంటుందని, అది ఎంతో ముందే లెక్క వేసుకుంటారని ఆయన జాగ్రత్త చూసే నాకు తెలిసింది.

ఆ లెక్కలేవీ వేసుకోని మనిషి ఒకడు 2009 జనవరి 29న వార్తల్లోకి వచ్చాడు. ముత్తుకుమార్ అని, ఒక మహిళా పత్రికలో పనిచేసేవాడు. నుంగంబాక్కంలోని శాస్త్రి భవన్ ముందు తను రాసిన ఉత్తరం ప్రతులు పంచి, నిప్పంటించుకుని చనిపోయాడు. మా పనిలాంటి పనే చేసే మనిషి. ఆ రాత్రి ప్రెస్సులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మెషిన్ మాత్రం తెల్లారేదాకా ఆగలేదు. ఆ చావు గురించి నాకు గొప్ప మాటలు రావు. అలాంటి చావును ఎవరూ ఆదర్శంగా తీసుకోకూడదనే నా పట్టుదల. కానీ ఒక్కటి నిజం, అప్పటిదాకా పార్టీల చేతుల్లో ఉన్న ‘ఇట్లు’ ఆ తర్వాత కొన్నాళ్లు విద్యార్థుల చేతుల్లోకి, లాయర్ల చేతుల్లోకి వెళ్లింది. ప్రభుత్వం వెంటనే కాలేజీలు, హాస్టళ్లు మూయించింది. వినేవాడు విన్నాడనడానికి అంతకన్నా గుర్తు ఏముంటుంది?

శనివారం సాయంత్రం సూళ్లూరుపేట లోకల్ ఎక్కి ఇంటికి వెళ్లేవాణ్ని. గుమ్మిడిపూండి దాటాక కూడా గోడల మీద మా పోస్టర్లు కనిపించేవి. ఆరంబాక్కం తమిళనాడులో చివరి స్టేషను. ఆ తర్వాతిది తడ. అక్కడితో వన్ని మాయమైపోయేది. తడ గోడల మీద చిరంజీవి కొత్త పార్టీ, మహాకూటమి, రాజశేఖరరెడ్డి ఉచిత కరెంటు. రైలు అదే, ఎండ అదే, రెండు స్టేషన్ల మధ్య నాలుగు కిలోమీటర్లో ఐదో. ఒక యుద్ధం ఆ మధ్యలో ఎక్కడో రైలు దిగిపోయేది.

ఇంట్లో నాన్న అడిగాడు, “ఒరేయ్, అక్కడేదో గొడవట కదా, ప్రెస్సు నడుస్తోందా?” అని. యుద్ధం సంగతి చెబితే, “రాజీవ్‌ను చంపినవాళ్లే కదా?” అంది అమ్మ. అంతటితో మాట అయిపోయింది. అమ్మది కఠినమైన మనసు కాదు, పక్కింట్లో గేదె చచ్చిపోతే రెండు రోజులు సరిగ్గా తినని మనిషి. కానీ ఆమె దగ్గరికి ఆ యుద్ధం చేరిన రూపం అది. చెరలో చిక్కిన లక్షల మంది మామూలు జనం ఆ వాక్యంలో లేరు.

ఆ రోజే మా ఊరి రిటైర్డ్ సుబేదారు ఒకాయన గుర్తుకొచ్చాడు. భారత శాంతి పరిరక్షక దళంతో జాఫ్నా వెళ్లి వచ్చాడు. 1987 నుంచి 1990 దాకా అక్కడ సుమారు 1,200 మంది మన సైనికులు చనిపోయారు. అమెరికాలో వియత్నాం యుద్ధం మీద అంత నిరసన రావడానికి ఒక కారణం, ఇష్టం లేకపోయినా కుర్రాళ్లను సైన్యంలోకి పిలవడం. 1969లో పుట్టినరోజుల లాటరీ తీసి మరీ పిలిచారు. మన సైన్యంలోకి వెళ్లేది ఇష్టపడి, ఎక్కువగా అవసరం కొద్దీ. కాబట్టి ఆ 1,200 ఇళ్ల దుఃఖం ఆ ఇళ్లలోనే ఉండిపోయింది. తిరిగొచ్చిన దళానికి స్వాగతం పలకడానికి 1990 మార్చిలో ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. ఆ మాట మాత్రం సుబేదారు ప్రతి సంక్రాంతికీ చెప్పేవాడు.

టీవీ చూపించని యుద్ధాన్నే జనం మరిచిపోతారని చాలామంది అంటారు. పూర్తిగా ఒప్పుకోను. 2008 సెప్టెంబరులోనే శ్రీలంక ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సిబ్బందిని వన్ని నుంచి పంపించేసింది, స్వతంత్ర విలేకరులకు దారి మూసేసింది. కెమెరా లేదు. అయినా ఫోన్ల ద్వారా, సీడీల ద్వారా, పడవల మీద వచ్చిన శరణార్థుల నోటి ద్వారా అక్కడి సంగతులు చెన్నై చేరాయి. అడిగేవాళ్లున్న ఊరికి వార్త ఈదుకుంటూ అయినా వస్తుంది. కివులో ఆ సమయానికి విదేశీ విలేకరులు చాలామందే ఉన్నారు, ఫొటోలూ వచ్చాయి. అవి ఎవరి గుమ్మం ముందూ ఆగలేదు.

ఇదంతా మన దగ్గరి సంగతి మాత్రమే కాదు. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా లండన్‌లో నడిచినవాళ్లు పోలీసుల లెక్కలో 7.5 లక్షలు, నిర్వాహకుల లెక్కలో దాదాపు 20 లక్షలు. దాన్ని మా ప్రెస్సు బల్ల మీద పెట్టి చూడండి. పైన ప్రధాని టోనీ బ్లెయిర్ పేరు. యుద్ధం ఇంకా మొదలుకాలేదు, పార్లమెంటులో ఓటింగు జరగాల్సి ఉంది, అంటే ఆపమని అడగడానికి తేదీ కూడా ఉంది. అడుగున యుద్ధ వ్యతిరేక కూటమి, అణ్వాయుధ వ్యతిరేకులు, ముస్లిం సంఘం. ఒక్క ఖాళీ లేదు. ఆరేళ్ల తర్వాత అదే లండన్‌లో పార్లమెంటు ఎదుటి మైదానంలో ఈళం తమిళులు 2009 ఏప్రిల్ నుంచి జూన్ దాకా 73 రోజులు కూర్చున్నారు. ఆ లక్షల మందిలో వాళ్ల పక్కన వచ్చి కూర్చున్నవాళ్లు బహు తక్కువ. అది బ్రిటన్ చేస్తున్న యుద్ధం కాదు మరి. చర్మం రంగు, మతం, భాష ఇవన్నీ పనిచేస్తాయి, కాదనను. కానీ ‘నా పన్నుతో, నా పేరు మీద జరుగుతోంది’ అన్న సిగ్గుకు వీధిలోకి నడిపించే బలం జాలికన్నా ఎక్కువ.

ఇంత చెప్పి, నిరసన వల్ల యుద్ధం ఆగిందా అంటే, లేదు. లండన్ నడిచిన నెల రోజులకు ఇరాక్ మీద బాంబులు పడ్డాయి. చెన్నైలో ఏప్రిల్ 27న కరుణానిధి పొద్దున్నే మెరీనాలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. దాని మీద పోస్టరు పని మాకు వచ్చేలోపే, మధ్యాహ్నానికి దీక్ష ముగిసిపోయింది. మే 13న తమిళనాడులో పోలింగు. 16న ఫలితాలు వస్తే ఆయన కూటమికే 39లో 27 స్థానాలు. మరో రెండు రోజులకు ముల్లివాయిక్కాల్ దగ్గర యుద్ధం ముగిసింది. ఆఖరి నెలల్లో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి ఉండవచ్చని 2011లో ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం రాసింది. అసలు పెద్ద విద్యార్థి ఉద్యమం 2013 మార్చిలో వచ్చింది, యుద్ధం ముగిసిన నాలుగేళ్లకు! ఎందుకంటే అప్పుడు జెనీవాలో, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో శ్రీలంక మీద తీర్మానం ఉంది, భారత్ ఎటు ఓటు వేయాలన్న ప్రశ్న ఉంది, దానికి ఒక తేదీ ఉంది. నేను అప్పటికి ఊరికి వచ్చేశాను. ముదలాళి ఫోను చేసి, “తంబీ, ఈసారి సంతకాలన్నీ పిల్లలవే, ఒక్క పార్టీ పేరూ లేదు” అన్నాడు. గొంతులో కాస్త గర్వం, బయానా రాలేదన్న కాస్త బెంగ.

ఇప్పుడు నాకు సొంతంగా చిన్న ఫ్లెక్సీ షాపు ఉంది. 2022లో ఉక్రెయిన్ నుంచి మన వైద్య విద్యార్థులు తిరిగొచ్చేదాకా ఆ యుద్ధం మా వీధిలో కూడా జరిగింది. పిల్లలు ఇళ్లకు చేరాక వీధి మామూలైపోయింది. సూడాన్ యుద్ధం 2023 ఏప్రిల్ 15న మొదలై కోటి మందికి పైగా ఇళ్లు వదిలేలా చేసింది. ఆ పేరు నా మెషిన్ మీద ఒక్కసారే అచ్చయింది. ‘ఆపరేషన్ కావేరి’ కింద మన ప్రభుత్వం వెనక్కి తెచ్చిన 3,800 మందికి పైగా భారతీయుల్లో మా పక్క మండలం మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయనకు స్వాగతం చెబుతూ ఎనిమిదడుగులు బై నాలుగడుగుల ఫ్లెక్సీ. పైన ఐదుగురు నాయకుల ముఖాలు, కుడివైపు వచ్చినాయన పాస్‌పోర్టు సైజు ఫొటో. ‘సూడాన్’ అన్న మాటకు చోటు చాలక రెండు పాయింట్లు తగ్గించమన్నారు, తగ్గించాను. అడుగున ‘ఇట్లు’ పక్కన పదకొండు పేర్లు పట్టాయి.