బందరు కోటకి ఆ పేరెలా వచ్చింది? అక్కడ ఇప్పుడేముంది?

పారసీలో బందర్ అంటే ఓడరేవు, అంతే. బందరుకే ఇంకో పేరైన మచిలీపట్నంలో మచిలీ అంటే చేప కదా, కోట ద్వారానికి చేప కళ్లు పెట్టారని ఓ కథ కూడా చెబుతారు, నాకైతే అది తర్వాత అల్లిందే అనిపిస్తుంది. రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు, అంటే రేవు కోటకంటే చాలా పాతది.

కోట 1759లో కల్నల్ ఫోర్డ్ దాడితో ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లకి చేతులు మారింది. 1864 నవంబరు ఉప్పెనలో దాదాపు 30 వేలమంది పోయారు, ఆ తర్వాత బందరు మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు మిగిలినవి పెచ్చులూడిన ఇటుక గోడలు, పాత ఆయుధాగారం, చుట్టూ తుమ్మచెట్లు. లడ్డూ కోసం బందరు వెళ్లేవాళ్లు ఇటూ ఓసారి రావచ్చు.