నెటిజన్లలో జనులున్నారా?

సందేహం: ‘నెటిజన్లు’ అని కొందరు, ‘నెటిజనులు’ అని కొందరు రాస్తున్నారు. నెట్ వాడే జనులు కాబట్టి రెండోదే సరైనదని మా మాస్టారు అంటారు. నిజమేనా?

సమాధానం: మాస్టారి ఊహ ముచ్చటగానే ఉంది కానీ, ఆ మాటలో మన జనులు లేరు. ఉంటే ‘నెట్‌జనులు’ అనేవాళ్లం. నడుమ ‘ట’కు గుడి ఎక్కడిది? పైగా ‘జనం’లోని జ తాలవ్యం, అంటే నాలుక అంగిలికి తగిలి పలికేది. ‘నెటిజన్’ అన్నప్పుడు మన నోట పలికేది ‘జడ’లోని జకు దగ్గర.

ఇది ఇంగ్లీషువాళ్ల అతుకు. ‘సిటిజన్’కి తల తీసేసి ‘నెట్’ తగిలించారు. బ్రేక్‌ఫాస్టు, లంచ్ కలిసి ‘బ్రంచ్’ అయిన తీరే ఇదీ. 1990ల మొదట్లో ఈ మాటకు ప్రచారం తెచ్చినవాడు కొలంబియా యూనివర్సిటీ విద్యార్థి మైకేల్ హౌబెన్. తల్లి రోండాతో కలిసి రాసిన ‘నెటిజన్స్’ పుస్తకం 1997లో అచ్చయింది. ఆయన దృష్టిలో నెట్ వాడే ప్రతివాడూ నెటిజన్ కాడు. నెట్‌ను ఉమ్మడి ఊరుగా భావించి, దాని బాగు కోసం తన వంతు పనిచేసేవాడే నెటిజన్. మన వార్తల్లో మాత్రం నెటిజన్లకు రెండే పనులు: మండిపడటం, ఫిదా అయిపోవడం!

అసలు ఇంగ్లీషులోనే ‘జన్’ అనే ప్రత్యయం లేదు. ‘సిటిజన్’ పాత ఫ్రెంచిలో ‘సితెయన్’ లాంటి మాట. అందులో జకారమే లేదు. నివాసి అనే అర్థంలో ఉన్న ‘డెనిజన్’ సావాసంతో అది వచ్చి చేరిందంటారు. ఇక సిటీలో ఉండేవాడు సిటిజన్ అయినట్టే, మనకు పురానికి చెందినవాడు పౌరుడు. పుర శబ్దంలోని ఉకారానికి వృద్ధి వచ్చి ‘పౌర’ అయింది. ఆ లెక్కన నెటిజన్‌ను ‘జాలపౌరుడు’ అనొచ్చు. నాకైతే ఆ మాట నచ్చింది కానీ, జనం నోట నలిగితేగా! కేవలం నెట్ వాడేవాళ్లనే చెప్పదలిస్తే ‘నెట్ వాడేవాళ్లు’ అంటే చాలు.

బహువచనం ‘నెటిజన్లు’ అనే రాయండి. బస్సులో సీటు మీద ‘సీనియర్ సిటిజన్లకు’ అని రాస్తారు కానీ ‘సిటిజనులకు’ అని రాయరు కదా. అయితే ఏ సబ్ ఎడిటరో సరదాగా ‘నెటిజనం’ అని హెడ్డింగ్ పెడితే నేను దిద్దను. అది తప్పు కాదు, శ్లేష.