కారు పునాది మీద పికప్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాము. ఇంట్లో మేమిద్దరం, ఇద్దరు పిల్లలు. ఒక వ్యాను ఉంది. రెండో బండిగా వాడుతున్న పాత సెడాన్‌ను మార్చాలనుకుంటున్నాము. పెరటి తోటకు మట్టి, ఎరువు తెచ్చుకోవలసి వస్తోంది. తెలుగు సంఘం కార్యక్రమాలప్పుడు బల్లలు, కుర్చీలు మోసే పని కూడా నా మీదే పడుతోంది. పెద్ద పికప్ నడపడానికి మా ఆవిడ ఒప్పుకోవడం లేదు. మీరు ఫోర్డ్ మావరిక్ నడుపుతున్నట్లు ఇదే శీర్షికలో రాశారు. రోజూ ఆఫీసుకు వెళ్లివచ్చేవారికి ఆ బండి ఎలా ఉంటుంది? నిజంగా ట్రక్కు పని చేస్తుందా?

జవాబు: నా దగ్గర ఉన్నది 2022 మోడల్ హైబ్రిడ్. ఆఫీసుకూ అంగడికీ అదే బండి. తొట్టి ఖాళీగా ఉన్నంతసేపూ అది అచ్చంగా కారే అని మొదటే చెప్పగలను. సంవత్సరంలో చాలా రోజులు తొట్టి ఖాళీగానే ఉంటుంది కాబట్టి, మీలాంటి కుటుంబం ముందుగా చూసుకోవలసిన గుణం కూడా ఇదే.

ఎఫ్-150 వంటి పెద్ద పికప్‌లలో కింద ఉక్కు చట్రం వేరుగా, దాని మీద క్యాబిన్ వేరుగా, తొట్టి వేరుగా ఉంటాయి. బరువు మోయడం కోసం వెనుక స్ప్రింగులను గట్టిగా పెడతారు గనుక, బరువు లేనప్పుడు చిన్న గతుకు తగిలినా వెనుక భాగం ఎగిరిపడుతుంది. మావరిక్‌కు అలాంటి చట్రం లేదు. ఫోర్డ్ వారి ఎస్‌యూవీలు ఎస్కేప్, బ్రాంకో స్పోర్ట్‌లకు వాడిన పునాదినే సాగదీసి, క్యాబిన్‌నూ తొట్టినీ ఒకే ఒడలుగా కట్టారు. ముందు చక్రాలతో నడిచే హైబ్రిడ్‌లో వెనుక ఇరుసు కూడా చిన్న కార్లలో ఉండే మెలిదండ (రెండు చక్రాలనూ కలిపి, కాస్త మెలితిరిగే ఒకే దండ) రకమే. అందువల్ల స్టీరింగ్ తిప్పినప్పుడు మలుపులో బండి మన మాట వెంటనే వింటుంది, పెద్దగా పక్కకు ఒరగదు. సీటు సెడాన్ కంటే కాస్త ఎత్తులో ఉంటుంది గానీ ఎక్కడానికి కాలిమెట్టు అవసరం లేదు. చీర కట్టుకున్నవారు కూడా ఇబ్బంది పడకుండా ఎక్కి దిగగలరు. మెత్తదనంలో మాత్రం మంచి సెడాన్‌తో పోల్చకండి. మన డల్లాస్ చుట్టూ ఉన్న కాంక్రీటు రోడ్లలో పలకల మధ్య అతుకులు దాటుతున్నప్పుడు వెనుక నుంచి టక్కుటక్కుమనే చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

పొడవు విషయంలో మీ ఆవిడ భయం సగం తీరుతుంది. మావరిక్ పొడవు దాదాపు 200 అంగుళాలు. నాలుగు తలుపుల ఎఫ్-150 పొట్టి తొట్టితో కూడా 231 అంగుళాలు దాటుతుంది. ఒక పాత టయోటా క్యామ్రీ సెడాన్ కంటే మావరిక్ ఏడెనిమిది అంగుళాలే ఎక్కువ. మిగిలిన సగం భయం పార్కింగులో బయటపడుతుంది. బండి పూర్తిగా వెనుదిరగడానికి 40 అడుగుల వ్యాసం కావాలి. సెడాన్ ఒక్క తిప్పుకు దూరే గడిలో ఇది కొన్నిసార్లు వెనక్కి తీసి మళ్లీ దూరవలసి వస్తుంది. దేశీ దుకాణాల ముందు ఆదివారం సాయంత్రాలు ఉండే రద్దీ మీకు తెలియనిది కాదు. అలాంటి చోట కొంచెం దూరంగా, చివరి వరుసలో ఆపి నడిచి వెళ్లడమే నాకు హాయిగా ఉంటుంది.

హైబ్రిడ్ యంత్రం గురించి కాస్త వివరంగా చెప్పాలి. 2.5 లీటర్ల పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు కలిసి 191 హార్స్‌పవర్ ఇస్తాయి. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు మోటారే ముందు లాగుతుంది కాబట్టి చప్పుడు లేకుండా, చురుకుగా కదులుతుంది. బ్రేకు వేసిన ప్రతిసారీ ఎంత శక్తి బ్యాటరీకి తిరిగి చేరిందో తెర మీద శాతంలో చూపిస్తుంది. దాన్ని నూటికి నూరు తెచ్చుకోవాలనే పట్టుదలతో నడిపేవారికి, తెలియకుండానే దూరం నుంచి మెల్లగా బ్రేకు వేసే మంచి అలవాటు పట్టుబడుతుంది. ప్రభుత్వ లెక్క ప్రకారం గ్యాలనుకు ఊళ్లో 42 మైళ్లు, హైవే మీద 33 మైళ్లు. ఊళ్లో ఎక్కువ, హైవే మీద తక్కువ రావడం చూసి చాలామంది అచ్చుతప్పు అనుకుంటారు. ఆగుతూ సాగే చోట బ్రేకు నుంచి శక్తి తిరిగి వస్తుంది; హైవే మీద ఆ రాబడి ఉండదు, పైగా ఈ చదరపు ముఖం గాలిని చీల్చుకుంటూ పోవాలి. 75 మైళ్ల వేగం దాటిస్తే ఆ 33 కూడా నిలవదు. మీ ఆఫీసు దారి టోల్‌వే మీదనా, సిగ్నళ్ల గుండానా అన్నది చూసుకుంటే పెట్రోలు ఖర్చు ఎంత తగ్గేదీ మీకే తెలుస్తుంది.

హైవే మీదికి ఎక్కేటప్పుడు పెడల్‌ను గట్టిగా తొక్కితే ఇంజను ఒకే స్థాయిలో హోరెత్తుతుంది. గేర్లు మారుతున్న అనుభూతి ఉండదు. నాకు అది అలవాటైపోయింది గానీ, పక్కన కూర్చున్నవారు బండికి ఏమైందని అడిగిన సందర్భాలు ఉన్నాయి. వాన కురిసినప్పుడు, ముఖ్యంగా తొట్టిలో బరువు ఉన్నప్పుడు, ఎత్తులో ఆగి కదిలితే ముందు చక్రాలు జారుతాయి. వెనుక బరువు పడితే ముందు భాగం తేలికవుతుంది, లాగే చక్రాలు ముందువే. తడి గడ్డి మీదికి ఎక్కించే ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

ఇక మోత విషయం. బండి మోయగల బరువు 1,500 పౌండ్లు అని ప్రకటనలో చదివి, అంతా తొట్టికే అనుకునేవారు ఎక్కువ. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభానికి ఒక చీటీ కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఎంత బరువు మించకూడదో మీ బండికి సరిపడిన అంకె దాని మీద ఉంటుంది. నలుగురు కుటుంబసభ్యులు ఎక్కితే అందులోంచి అయిదారు వందల పౌండ్లు పోయినట్లే. ఒక ఘనపు గజం మట్టి బరువు 2,000 పౌండ్లు పైనే ఉంటుంది. తొట్టి పరిమాణం చూస్తే గజం మట్టీ పడుతుంది. పట్టింది కదా అని పోయించుకుంటే వెనుక భాగం చక్రాల మీదికి కుంగిపోతుంది. అర గజం మట్టి, ఎక్కిందల్లా డ్రైవరు ఒక్కరే అయితే బండి నిబ్బరంగా మోస్తుంది. పైగా ఆ బరువు మీద ప్రయాణం ఖాళీ బండి కంటే మెత్తగా ఉంటుంది. చెక్కపొట్టు, అంటే మల్చ్, తేలిక కాబట్టి గజం పోయించుకున్నా భయం లేదు.

తొట్టి పొడవు 4.5 అడుగులు. టెయిల్‌గేట్ (తొట్టి వెనుక తలుపు) దించితే 6 అడుగుల దాకా వస్తుంది. 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉండే ప్లైవుడ్ పలకలు చక్రాల గుబ్బల మధ్య పట్టవు గానీ, టెయిల్‌గేట్‌ను సగంలో ఆపే ఏర్పాటు ఉంది. అలా ఆపితే అది గుబ్బల ఎత్తుకు సరిగ్గా సరిపోతుంది, పలకలు బల్లపరుపుగా పడుకుంటాయి. తొట్టి అడ్డగోడలలో గాడులున్నాయి. వాటిలో చెక్క దూర్చి అరల్లాగా విభజించుకోవచ్చు. సంఘం వారి మడత బల్లలను నేను ఆ అరల్లోనే నిలబెట్టి తీసుకువెళతాను. పక్క గోడలు తక్కువ ఎత్తు కాబట్టి నేల మీద నిలబడే చేయి చాచి లోపలి వస్తువు అందుకోవచ్చు. పెద్ద పికప్‌లలో దానికి చక్రం మీదికి ఎక్కాలి. టెక్సస్‌లో సరుకు బండి వెనుక నుంచి 4 అడుగులు అంతకు మించి బయటికి వస్తే చివర ఎర్ర గుడ్డ కట్టడం చట్టం.

డిక్కీ లేకపోవడమే రోజువారీ వాడకంలో అసలు లోటు. సరుకుల సంచులు ఎండకో వానకో తొట్టిలో పెట్టలేము. మూడు మడతల కప్పు ఒకటి కొనుక్కుంటే వాన నీరు చాలావరకు ఆగుతుంది. ఆ ఖర్చును బండి ధరలోనే కలుపుకొని లెక్క వేసుకోండి. ఇంకొకటి, వెనుక సీటులో కూర్చునేవారికి ఏసీ గాలి వచ్చే రంధ్రాలు లేవు. ఆగస్టు మధ్యాహ్నం పిల్లలను బడి నుంచి తీసుకువచ్చేటప్పుడు వెనుక చల్లబడటానికి బాగా సమయం పడుతుంది. వెనుక సీటు వీపు కూడా నిట్టనిలువుగా ఉంటుంది. వ్యాను మీకు ఉంది గనుక దూర ప్రయాణాలకు అదే వాడతారనుకుంటాను. రెండో బండిగా అయితే నేను నిరభ్యంతరంగా కొనమంటాను. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బండిగా అయితే అనను.

ప్రశ్న: మావరిక్‌లోనే టర్బో ఇంజను తీసుకోవడం మేలా? హ్యుందాయ్ శాంటా క్రూజ్ కూడా ఇలాంటిదే కదా? (ఆస్టిన్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: పడవో ట్రైలరో లాగే పని ఉంటే టర్బోయే సరైనది. 2.0 లీటర్ల ఆ ఇంజను 2022 మోడల్‌లో 250 హార్స్‌పవర్ ఇచ్చేది, నాలుగు చక్రాల లాగుడు తీసుకోవచ్చు, తగిన ప్యాకేజీతో 4,000 పౌండ్లు లాగుతుంది. మామూలు హైబ్రిడ్ 2,000 దగ్గర ఆగిపోతుంది. 2025 మోడల్ నుంచి హైబ్రిడ్‌కు కూడా నాలుగు చక్రాల లాగుడు ఇస్తున్నారు కాబట్టి, తడి నేల మీద జారుడు గురించి పైన రాసింది మీకు ముఖ్యమైతే అది చూడండి. ధర మాత్రం పాత మాట మర్చిపోవాలి. 2021లో ప్రకటించినప్పుడు రవాణా రుసుము కాక 19,995 డాలర్లు అన్నారు. 2025 మోడల్ మొదటి మెట్టే 26,000 దాటింది. శాంటా క్రూజ్ లోపలి అలంకరణ మెరుగు, టర్బో రకానికి 281 హార్స్‌పవర్, 5,000 పౌండ్ల లాగుడు ఉన్నాయి. కానీ హైబ్రిడ్ లేదు, తొట్టి మరికాస్త పొట్టి. దాన్ని పికప్ అనడం కంటే వెనుక భాగం తెరిచి ఉంచిన ఎస్‌యూవీ అనడం నాకు సబబుగా తోస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఇలాంటి చిన్న పికప్ కొన్నాడు, ఫోటోలు పంపాడు. కారులా ఉండి సామాను మోసే బండి మన దగ్గర ఎందుకు రాలేదు? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈ ఆలోచన కొత్తది కాదు. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ కంపెనీకి లూ బాండ్ట్ అనే యువ ఇంజనీరు 1934లోనే కారు క్యాబిన్‌నూ తొట్టినీ కలిపి బండి తయారు చేశాడు. అక్కడ ఇప్పటికీ వాటిని యూట్ అంటారు. అమెరికాలో 1957లో ఫోర్డ్ రాంచెరో, 1959లో షెవ్రొలే ఎల్ కమీనో వచ్చాయి. 1964 నుంచి విదేశాల్లో తయారైన చిన్న ట్రక్కుల మీద అమెరికా 25 శాతం సుంకం వేయడంతో బయటి కంపెనీలకు దారి మూసుకుపోయింది. సుబారు కంపెనీ తన బ్రాట్ బండి తొట్టిలో వెనక్కి తిరిగి ఉండే రెండు సీట్లు బిగించి, ఇది ట్రక్కు కాదు, ప్రయాణికుల బండి అని చెప్పి ఆ సుంకం తప్పించుకుంది. రొనాల్డ్ రేగన్ తన పొలంలో అలాంటి బ్రాట్‌నే నడిపేవాడు. బ్రెజిల్‌లో మాత్రం ఈ రకం ఎన్నడూ పోలేదు. ఫియట్ స్ట్రాడా అనే చిన్న పికప్ 2021లో ఆ దేశంలో అన్ని బండ్ల కంటే ఎక్కువగా అమ్ముడుపోయింది.

మన దగ్గర ఉన్న ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ రెండూ ఉక్కు చట్రం మీద కట్టిన పెద్ద బండ్లు. హైలక్స్ పొడవు 5.3 మీటర్లు, గుంటూరు అరండల్‌పేట సందుల్లో దాన్ని తిప్పడం ఊహించుకోండి. అయితే చిన్నది రాకపోవడానికి సందులు కారణం కాదని నా అభిప్రాయం. 2005లో టాటా ఏస్ వచ్చాక ప్రతి ఊళ్లో, మార్కెట్ యార్డు దగ్గరా సిమెంటు కొట్టు దగ్గరా, డ్రైవరుతో సహా కిరాయికి బండి దొరుకుతోంది. బీరువా మోయాలంటే ఒక ఫోను చాలు, ఎక్కించి దించేవారు కూడా వస్తారు. అమెరికాలో ఆ మనిషి కూలీ బండి కిరాయిని మించిపోతుంది కాబట్టి ఎవరి మట్టి వారే మోసుకుంటారు. మీ అబ్బాయి అక్కడ పికప్ కొన్నది సరదాకు కాకపోవచ్చు.

ప్రశ్న: చిన్న దూరాలకు పిల్లలను పికప్ తొట్టిలో కూర్చోబెట్టవచ్చా? మా ఊళ్లో ట్రాక్టరు తొట్టిలో తిరిగినవాళ్లమే. (హ్యూస్టన్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: వద్దు. టెక్సస్‌లో 18 ఏళ్ల లోపు పిల్లలను తెరిచి ఉన్న తొట్టిలో కూర్చోబెట్టి రోడ్డు మీద నడపడం నేరం. ఊరేగింపుల వంటి కొన్ని సందర్భాలకు మినహాయింపు ఉంది గనుక వినాయక నిమజ్జనానికి అనుమతి తీసుకున్న ఊరేగింపు అయితే నిర్వాహకులను ముందుగా అడిగి తెలుసుకోండి. పెద్దవారైనా సరే, బెల్టు లేని చోట కూర్చున్నవారిని చిన్న తాకిడి కూడా బయటికి విసిరేస్తుంది. గుడి నుంచి ఇంటికి రెండు వీధులే అన్నా ఇదే జవాబు.