ఇంట్లోకి వరద నీళ్లు వచ్చి పోయాక ఈ మబ్బు చలికాలాన్ని విశాఖలో ఎలా గడపాలి?

హైదరాబాద్ నుంచి బదిలీ మీద వచ్చి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర కింది అంతస్తులో అద్దెకు దిగామని, ఆ మధ్య కురిసిన వానలకు ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయని రాశారు. ఇప్పుడు చలీ లేదు, ఎండా లేదు, రోజంతా మబ్బు, ఏ పని మీదా మనసు నిలవడం లేదన్నారు. అత్తగారు పగలు కూడా మంచం దిగడం లేదన్నారు. ఇన్ని చెప్పి, చివర్లో మామూలుగా ఒక మాట అనేశారు: "ఇంట్లో ఎప్పుడూ ఒక వాసన". నాకు మిగతా అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. మీ దిగులులో సగం ఆ వాసనలోనే ఉందని నా నమ్మకం. అందుకని ముందు గోడల సంగతి, తర్వాత మనసు సంగతి.

మాది విశాఖలోనే కంచరపాలెం వైపు గెడ్డకు (వాగుకు) దగ్గర్లో ఉన్న పాత ఇల్లు. 2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తెల్లవారేసరికి విశాఖ లోతట్టు వీధుల్లో ఎక్కడ చూసినా నీళ్లే. మా ఇంట్లో మంచం పట్టీ దాకా వచ్చాయి. బురద ఎత్తిపోయడం, నేల కడగడం లాంటి పనులు ఎలాగో అయిపోయాయి. చుట్టుపక్కల వాళ్లు చేయి వేశారు, ఆ హడావిడిలో దిగులు పడే తీరిక కూడా లేదు. కష్టం ఆ తర్వాత మొదలైంది. నవంబరులో బంగాళాఖాతంలో ఒకదాని వెనక ఒకటి అల్పపీడనాలు పుట్టాయి. వాటి వానంతా కడప, నెల్లూరు, చిత్తూరు జిల్లాలను ముంచింది, మనకు మబ్బు మిగిలింది. డిసెంబరు మొదట్లో జవాద్ తుపాను వస్తుందన్నారు, బడులకు సెలవులిచ్చారు, రైళ్లు రద్దు చేశారు. అది తీరం దాటకుండానే సముద్రంలో బలహీనపడింది. మళ్లీ ముసురు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో చెట్లన్నీ కూలిపోయాయి, కరెంటు లేదు, నీళ్లు లేవు. కానీ తుపాను పోయాక ఎండ కాసింది. తడిసినవన్నీ మేడ మీద పరిచాం, ఆరాయి. గులాబ్ దానితో పోలిస్తే చిన్నది. అయినా రెండింటిలో ఏది ఎక్కువ విసిగించిందని అడిగితే గులాబ్ తర్వాతి చలికాలమనే చెబుతాను.

ఈ వాతావరణం ఎందుకిలా ఉంటుందో తెలిస్తే కాస్త ఊరటగా ఉంటుంది. మామూలుగా డిసెంబరులో విశాఖలో పగలు 28 డిగ్రీల దగ్గర, రాత్రి 20 దగ్గర ఉంటుంది. సముద్రంలో అల్పపీడనం ఉన్నప్పుడు దాని మేఘాలు ఉత్తరాంధ్ర దాకా పరుచుకుంటాయి. అవి పగలు ఎండను ఆపుతాయి, రాత్రి నేల వేడిని పైకి పోనివ్వవు. అందుకే పగటికీ రాత్రికీ తేడా తగ్గిపోయి చలి అనలేని, వేడి అనలేని ఈ స్థితి వస్తుంది. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఏదీ ఆరదు. పైగా మీరు హైదరాబాద్ నుంచి వచ్చారు. విశాఖ దానికి తూర్పున ఉండటం వల్ల ఇక్కడ సూర్యుడు దాదాపు 20 నిమిషాలు ముందే అస్తమిస్తాడు. డిసెంబరు మొదట్లో సాయంత్రం అయిదుంబావు దాటగానే పొద్దు పోతుంది. మబ్బు రోజైతే నాలుగున్నరకే దీపం వేయాలి. కొత్తగా వచ్చిన వాళ్లకు ఇది భారంగా అనిపించడంలో వింత లేదు.

ఇక గోడలు. నీళ్లు నిలిచిన ఇటుక గోడ పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల నెలల తరబడి తడి ఉంటుంది. గోడ తడిని పైకి లాగుతుంది కూడా. మోకాలి దాకా వచ్చిన నీళ్ల మరక నడుము దాకా పాకేది అందుకే. ఆరిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి, నాలుగంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు గోడవైపు నీటి బొట్లు ఉంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే.

గోడ మీద తెల్లటి పొడి పేరుకుంటే అది ఉప్పు. నల్లటివో ఆకుపచ్చవో మచ్చలుంటే అది బూజు. ఈ రెండింటికీ వైద్యం వేరు, జనం ఎక్కువగా తారుమారు చేస్తారు. ఉప్పును పొడి బ్రష్‌తో దులిపి ఎత్తి పారేయాలి. నీళ్లు పోసి కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. గోడలో ఉన్న ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వాన లేని రోజున కూడా గోడ చెమ్మగిల్లుతుంది. బూజును మాత్రం పొడిగా దులపకూడదు, దాని రేణువులు ఇల్లంతా ఎగిరి ఆయాసం ఉన్నవాళ్లను ఇబ్బంది పెడతాయి. ముక్కుకు మాస్కు పెట్టుకుని సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడిచి, ఆ చోటుకు ఫ్యాను గాలి తగలనివ్వండి. నేలకు బ్లీచింగ్ పౌడర్ వాడతారేమో, దాన్ని బాత్రూము కడిగే యాసిడ్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి. విషవాయువు వస్తుంది.

బీరువా, సోఫా, మంచం అన్నీ గోడ నుంచి జానెడు ముందుకు జరపండి. గది ఇరుకవుతుంది, కొన్నాళ్లు కాళ్లకు అడ్డం తగులుతాయి, ఫరవాలేదు. నిలబెట్టే ఫ్యాను ఉంటే మనుషుల వైపు కాకుండా తడి గోడ అడుగు వెంట గాలి పారేలా తిప్పండి. కిటికీలు తెరవాలా మూయాలా అన్నదానికి నేను పాటించిన కొలత దండెం. బయట బట్టలు ఆరే రోజున పది గంటల నుంచి నాలుగింటి దాకా అన్నీ బార్లా తెరిచేవాళ్లం. బట్టలు ఆరని రోజున మూసి ఫ్యాన్లు తిప్పేవాళ్లం. ముసురులో కిటికీలు తెరిచి పెడితే ఇంట్లోకి వచ్చేది తడిగాలే. తడి బట్టలు మాత్రం చెమ్మ గదిలో ఆరేయకండి. ఉదయం ఆకాశం కాస్త విచ్చుకుంటే పనులన్నీ ఆపి ముందు దుప్పట్లు మేడెక్కించండి. ఇంటి వాళ్లు మేడ మీదికి రానివ్వకపోతే గట్టిగా అడగండి, ఇది మొహమాటపడే సమయం కాదు.

నీళ్లలో నానిన దూది పరుపులు, దిండ్లు ఎంత ఆరేసినా పనికిరావు, వదిలించుకోండి. వరద నీళ్లు తగిలిన బియ్యం, పప్పులు కూడా అంతే. స్విచ్ బోర్డుల దాకా నీళ్లు వచ్చి ఉంటే ఎలక్ట్రీషియన్ విప్పి చూసేదాకా వాటిని ముట్టుకోవద్దు. సంపును తోడించి, కడిగించి, బ్లీచింగ్ వేయించాకే వాడండి. అప్పటిదాకా తాగే నీళ్లు మరగబెట్టండి. పూల కుండీల కింద, పాత డబ్బాల్లో నీళ్లు నిలవనివ్వకండి. ఈ మెతక చలికి దోమలు చావవు.

మా అమ్మ ఆ నెలలంతా సందెవేళ సాంబ్రాణి వేసేది. దానితో వాసన మారుతుంది గానీ తడి మారదని నేను వాదించేవాణ్ణి. మాట నిజమే. అయినా ఆ కాసేపు ఇల్లు మళ్లీ మన ఇల్లులా ఉండేది, అందుకని వేయమనే చెబుతాను.

మరొక్క విషయంలో మీ మీద ఒత్తిడి వస్తుంది. సంక్రాంతి దగ్గరపడుతోంది కాబట్టి "రంగులు వేయించేయండి, దిగులు పోతుంది" అంటారు. పెయింటర్ వచ్చి, చెమ్మను ఆపే పూత ఒకటి వేసి పైన రంగు కొట్టేస్తానంటాడు. ఒప్పుకోకండి. తడి గోడకు పుట్టీ, ప్లాస్టిక్ రంగు వేస్తే తడి లోపలే బందీ అవుతుంది. నాలుగు నెలలు తిరక్కముందే బుడగలు లేచి పెచ్చులు ఊడతాయి, డబ్బు రెండుసార్లు పోతుంది. పండగకు గోడ మరీ బోసిగా ఉందనుకుంటే సున్నం వేయించండి. సున్నంలోంచి తడి బయటికి పోతుంది, ఖర్చూ తక్కువ. అసలు రంగులు వేసవికి వదిలేయండి. మా వీధిలో ఆ ఏడాది రెండు రకాల ఇళ్లూ ఉన్నాయి, ఉగాది నాటికి ఏవి ఎలా ఉన్నాయో నడుస్తూ పోతే తెలిసేది.

మనసు సంగతికి వస్తే, మబ్బు రోజున ఇంట్లో కూర్చోవడమంత చెడ్డ పని లేదు. ఆకాశం ఎంత మూసుకున్నా బయటి వెలుతురు మన గదిలోని ట్యూబులైటు వెలుతురు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. గదిలోని వెలుతురు కళ్లకు చాలినట్టు అనిపించినా శరీరానికి చాలదు. నిద్ర వేళలు కుదురుకోవడానికి ఉదయపు వెలుతురు కావాలి. అందుకని ఎండ వచ్చాక వెళ్దామని చూడకుండా తెల్లవారగానే బయటికి నడవండి. వీలైన రోజున ఆర్కే బీచ్‌కు వెళ్లండి. ఉదయం పూట అక్కడ వాహనాలు ఆపి రోడ్డును నడిచేవాళ్లకు వదిలేస్తారు. మబ్బు రోజున సముద్రం బూడిద రంగులో ఉంటుంది, డాల్ఫిన్స్ నోస్ కొండ సగం కనిపించదు. అయినా నాలుగు గోడల మధ్య కంటే మేలు.

మార్గశిర మాసంలో గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర రద్దీగా ఉంటుంది. మీకు ఇష్టమైతే అత్తగారిని తీసుకెళ్లండి, గురువారం కాకుండా మామూలు రోజున వెళితే ఆవిడకు సుఖం. అక్కడ అమ్మవారికి పైకప్పు ఉండదు, ఎండైనా వానైనా ఆకాశం కిందే. ఆ సంగతి విన్నాక ఇంటి చెమ్మ గురించి ఫిర్యాదు చేయడానికి ఆవిడే కాస్త వెనకాడతారు. కనీసం మా అమ్మ అలాగే చేసింది. ఇంటి దగ్గరున్న రోజుల్లో ఆవిడ కుర్చీని టీవీ గదిలోంచి తీసి వసారాలోనో గుమ్మంలోనో వేయండి. ఊరికే కూర్చోమంటే కూర్చోరు. చిక్కుడుకాయలు ఈనె తీయమనండి, కరివేపాకు దూయమనండి. పని ఉంటే వెలుతురులో ఉంటారు.

రోజు మొత్తంలో కష్టమైన వేళ సాయంత్రం అయిదు నుంచి ఏడు. దానికి ముందే ఏదో ఒకటి పెట్టుకోవాలి. మేం ఆ వేళకు ఇంట్లో ఉన్న దీపాలన్నీ వేసేవాళ్లం, కరెంటు బిల్లు గురించి మా నాన్న సణుగుడు భరిస్తూ. పక్కింటి పిన్నిగారు, నేను, ఇంకో ఇద్దరం వంతులవారీగా ఒకరి వసారాలో కూడేవాళ్లం. ఒకరోజు బజ్జీలు, ఒకరోజు ఉత్త టీ. మాటలన్నీ వరద గురించే: ఎవరి ఫ్రిజ్ పోయింది, ఎవరికి ఏ పరిహారం అందింది. వినడానికి నిరుత్సాహంగా ఉంటుంది గానీ అదే విషయాన్ని ఒంటరిగా తలచుకోవడం కంటే చాలా నయం. మీరు కొత్తవాళ్లు కాబట్టి పిలుపు కోసం ఎదురుచూడకండి. నీళ్లు అందరి ఇళ్లలోకీ వచ్చాయి, తలుపు తట్టడానికి అంతకంటే పెద్ద పరిచయం అక్కర్లేదు.

లంబసింగి వెళ్లి రమ్మని చాలామంది చెబుతారు. అసలైన చలి, మంచు చూస్తే హుషారొస్తుందని వాళ్ల ఉద్దేశం. నాకు ఆ సలహా మీద గురి లేదు. అల్పపీడనం ఉన్న రోజుల్లో కొండల మీద కూడా ఇదే మబ్బు. అర్ధరాత్రి బయల్దేరి, కార్ల బారులో ఇరుక్కుని, తిరిగొచ్చి మళ్లీ అదే చెమ్మ గదిలో పడుకోవాలి. సంక్రాంతి చుట్టుపక్కల అల్పపీడనాలు సన్నగిల్లి ఉత్తరపు గాలి నిలకడగా వీచినప్పుడు వెళ్లండి, బాగుంటుంది. అప్పటికి ఇక్కడ కూడా ఆకాశం తేటపడుతుంది, గోడలు ఆరడం వేగం పుంజుకుంటుంది.

అత్తగారి విషయంలో ఒక జాగ్రత్త. నిద్ర, తిండి తగ్గిపోయి, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు దాటితే అది వాతావరణం పని మాత్రమే కాకపోవచ్చు. 14416కి ఫోను చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు. నేరుగా చూపించాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మీకు అలా అనిపించినా ఇదే మాట. ఒళ్లునొప్పులతో జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి, వరద నీళ్లలో తిరిగిన సంగతి తప్పకుండా చెప్పండి.

చివరగా ఇంటి గురించి. మేఘాద్రిగెడ్డ జలాశయం నిండి గేట్లు ఎత్తిన ప్రతిసారీ విమానాశ్రయం చుట్టుపక్కల లోతట్టుకు ముప్పే. అద్దె ఇల్లే కాబట్టి వచ్చే వానల్లోగా మారడం మంచిదని నా అభిప్రాయం. ఇల్లు వెతకడం ఇప్పుడే మొదలుపెడితే ఒక లాభముంది. ఈసారి నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో ప్రహరీ గోడల మీద మరకలు ఇంకా కనిపిస్తున్నాయి. వేసవిలో సున్నాలు, రంగులు పడ్డాక అవి కనపడవు, యజమానులు చెప్పరు.