బెంగళూరుకు ఫ్యామిలీతో మారాలంటే

బ్రదర్, గుంటూరు నుంచి వైట్‌ఫీల్డ్ ఆఫీసుకి మారుతున్నాను, నెలకి లక్షా పది వేలతో ఇద్దరు పిల్లలతో నెట్టుకురాగలనా అని అడిగారు కదా. నెట్టుకురావచ్చు, కానీ అందరూ ఒకేసారి వెళ్లొద్దు. ముందు మీరొక్కరే పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉండి ఇల్లు వెతకండి. అసలు దెబ్బ అద్దె కాదు, అడ్వాన్సు: అయిదారు నెలల అద్దె ఒకేసారి అడుగుతారు, కొందరైతే పది నెలలది, పైగా ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు, అగ్రిమెంట్‌లో అది ఎంత రాశారో చూశాకే సంతకం పెట్టండి. ఇంటికి వచ్చేది కావేరి నీళ్లా, బోరు నీళ్లా, ట్యాంకర్ నీళ్లా అన్నది ఓనర్‌ని కాదు, వాచ్‌మన్‌ని అడగండి. ఆఫీసు పక్కనే ఉండాలని పట్టుపట్టకుండా పర్పుల్ లైన్ మెట్రోకి నడిచే దూరంలో, కేఆర్ పురం వైపు కూడా చూడండి. పిల్లల స్కూలు సీటు ఖాయమయ్యాకే ఇంటి అడ్వాన్సు కట్టండి. పిల్లలకి కన్నడ సబ్జెక్టు ఉంటుంది, ఇప్పటినుంచే దిద్దించండి, లిపి మనదానికి దగ్గరే కాబట్టి తొందరగా పట్టేస్తారు.