రంగు సంగతి తర్వాత, ముందు బకెట్ నీళ్ళు పోసి చూడండి

ప్రశ్న: అన్నా, మాది హాలియా. మా చిన్నాయన ఇరవై రెండేళ్ళు అమెరికాలో ఉండి పోయిన ఏడాది ఇక్కడికి వచ్చేశారు. అక్కడ కొనుక్కున్న 1967 ఫోర్డ్ మస్టాంగ్‌ను కంటెయినర్‌లో తెప్పించారు. 289 వీ8 ఇంజిన్ (289 క్యూబిక్ ఇంచులు, ఎనిమిది సిలిండర్లు), కస్టమ్స్ కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. కానీ బండి ఎనిమిదేళ్ళుగా స్టార్ట్ చేయలేదు. ఇంట్లో అందరూ ముందు పెయింట్ వేయించమంటున్నారు, మా మెకానిక్ అయితే ఆ ఇంజిన్ పక్కన పెట్టి డీజిల్ ఇంజిన్ ఎక్కిద్దాం అంటున్నాడు. చిన్నాయన దసరాకు నడపాలని ఆశపడుతున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ డీజిల్ ఇంజిన్ మాట అక్కడే ఆపెయ్. మీ మెకానిక్ చెడ్డవాడని కాదు, మైలేజీ గురించి ఆలోచించి అని ఉంటాడు. కానీ 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల్లో ఒక మాట స్పష్టంగా ఉంది: మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి ఉండాలి, చాసిస్ (బండిని మోసే అడుగు ఫ్రేమ్), బాడీ షెల్, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. డీజిల్ ఇంజిన్ ఎక్కించిన రోజే ఆ గుర్తింపు చేజారిపోతుంది, చిన్నాయన ఇన్నేళ్ళు దాచుకున్న బండి విలువ కూడా దాంతోనే పోతుంది. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. విదేశం నుంచి వచ్చిన బండి కాబట్టి దరఖాస్తుతో పాటు కస్టమ్స్ వాళ్ళ బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం), ఇన్సూరెన్స్ పెట్టాలి. ఆ బిల్లును ఇప్పుడే లామినేషన్ చేయించకుండా రెండు మూడు జిరాక్సులు తీసి బీరువాలో పెట్టండి. నంబర్ ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది.

ఇంకో మాట, స్టీరింగ్ ఎడమవైపు ఉంది కదా, దాన్ని కుడివైపుకు మారుద్దామని ఎవరైనా అంటే వినొద్దు. మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్ ప్రకారం ఎడమ స్టీరింగ్ బండిని రోడ్డు మీద నడపొచ్చు, కాకపోతే పనిచేసే సిగ్నల్ పరికరం ఉండాలి. కాబట్టి ఇండికేటర్లు ముందు బాగు చేయించండి.

ఇప్పుడు బానెట్ తెరిచి ఎడమ ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) లోపలి రేకు మీద కొట్టిన బండి గుర్తింపు నంబరు చూడు. మొత్తం పదకొండు అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటిది 7 అయితే 1967 మోడల్ అని అర్థం, ఐదోది ఇంజిన్ కోడ్. 289కి సి అని ఉంటే రెండు బ్యారెళ్ళ (గాలి లోపలికి వెళ్ళే గొట్టాల) కార్బరేటర్, ఏ అని ఉంటే నాలుగు బ్యారెళ్ళది. కాగితాల్లోని నంబరు దీనితో అక్షరం అక్షరం కలవాలి. ఆ చోటును ఫోటో తీసి పెట్టుకోండి, గ్రైండర్ పట్టిన పిల్లలెవరినీ దాని దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

ఇక పెయింట్ గురించి. మస్టాంగ్‌లో ముందుగా పోయేది బయటికి కనిపించే రేకు కాదు, ముందు అద్దం కింద వైపర్ల దగ్గర ఉన్న జాలీ కింది పెట్టె. వాన నీళ్ళు, చెట్టు ఆకులు ఆ చీలికల్లోంచి దిగి అందులో నిలుస్తాయి. లోపల రంగు సరిగా అందని చోటు కాబట్టి అక్కడ తుప్పు పడుతుంది, ఆ చిల్లుల్లోంచి నీళ్ళు కారి డాష్‌బోర్డు కింద నుంచి కాళ్ళు పెట్టే చోటికి వచ్చి, కార్పెట్ కింద ఫ్లోరు రేకును కూడా తినేస్తాయి. ఇది తెలుసుకోవడానికి మెషిన్లు అక్కర్లేదు. కార్పెట్ తీసి నేల మీద పాత పేపర్లు పరిచి, ఒకరు లోపల టార్చి పట్టుకుని పడుకోవాలి, ఇంకొకరు బయట ఆ జాలీ మీద బకెట్ నీళ్ళు మెల్లగా పోయాలి. రెండు పక్కలా ఫెండర్ వెనక నుంచి నేల మీదికి నీళ్ళు కారితే మంచిదే, అది దాని సహజమైన దారి. లోపల పేపరు మీద ఒక్క చుక్క పడ్డా పైన ఉన్న ఆ పెట్టెకు చిల్లు పడిందని అర్థం, స్పాట్ వెల్డింగులు డ్రిల్ చేసి పై రేకు ఎత్తి పని చేయాల్సిందే.

చాలా ఏళ్ళ కింద నేను ఇదే పని చేయకుండా ఒక బండికి మొత్తం పెయింట్ వేయించాను. మెరుపు చూసి ఓనరు సంతోషపడ్డారు. మొదటి వానకు ఆయన కాళ్ళ కింద నీళ్ళు నిలిచాయి. ఆ కొత్త రంగు మీదే మళ్ళీ కట్టర్ పెట్టాల్సి వచ్చింది, ఆ రోజు ఆయన ముఖం చూడలేకపోయాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఈ బండికి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు, బాడీయే చాసిస్. ఫ్లోరు ఒక పక్క కోసేస్తే తలుపులు కిందికి జారిపోయి మళ్ళీ సరిగా పడవు. కోయకముందే అడుగున సమంగా సపోర్టులు పెట్టి, తలుపు సందుల్లో కొలతలు రాసి పెట్టుకుని ఒక్కో పక్క చేయమని టింకరింగ్ ఆయనకు చెప్పు. ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచటి గుడ్డలో చుట్టి వెనక చక్రాల పైభాగం, తలుపుల కింది అంచుల మీద తిప్పు. పట్టని చోట పుట్టీ ఎక్కువగా ఉన్నట్టే.

ఇంజిన్‌కు బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు, ఎనిమిదేళ్ళు నిలబడ్డ ఇంజిన్‌లో రింగులు పట్టేసి ఉండొచ్చు. ప్లగ్గులు ఎనిమిదీ తీసి సిలిండర్లలో కొద్దికొద్దిగా పలుచటి ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలెయ్యండి, తర్వాత ముందు పుల్లీ బోల్టుకు పానా పెట్టి చేత్తో తిప్పండి. మెల్లగా తిరిగితే సగం గెలిచినట్టే. స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) తీసి ఆ రంధ్రంలోంచి రాడ్‌తో ఆయిల్ పంపును తిప్పి, పైన వాల్వులను నొక్కే రాకర్ల దాకా ఆయిల్ ఎక్కిందో లేదో కళ్ళతో చూడండి. ప్లగ్ వైర్లు తీసేటప్పుడు చిట్టీలు అంటించండి, ఫైరింగ్ వరుస (సిలిండర్లు మండే క్రమం) 1-5-4-2-6-3-7-8. ఆయిల్ అయితే ట్రక్కుల్లో వాడే 15డబ్ల్యూ-40, సీఐ-4 గ్రేడుది తీసుకోండి, ఈ పాత తరహా క్యామ్ (వాల్వులను తెరిపించే కడ్డీ) అరగకుండా ఉండాలంటే జింక్ కావాలి, కొత్త కార్ల ఆయిల్‌లో అది తక్కువ.

పానాలు ఇంచుల్లో కావాలి. అర ఇంచు నట్టుకు 13 పానా పెడితే అది కొంచెం వదులుగా ఉండి మూలలు అరిగిపోతాయి. పాత మాసీ ట్రాక్టర్లు, పాత జీపులు చేసిన మేస్త్రీల దగ్గర ఇంచు సెట్లు ఇంకా ఉంటాయి, మీ హాలియా, మిర్యాలగూడల్లో అలాంటి పెద్దమనిషి ఒకరు దొరికితే బండి మీద మొదటి చేయి ఆయనతో వేయించు.

నీళ్ళ విషయం నల్లగొండ వాళ్ళకు నేను చెప్పాల్సిన పని లేదు. బోరు నీళ్ళు కాగబెట్టిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది కదా, రేడియేటర్ గొట్టాల్లోనూ అదే జరుగుతుంది. బ్యాటరీ నీళ్ళు, కూలెంట్ సగం సగం కలిపి పోయండి. ఎండాకాలం వేడెక్కుతుందని థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ళ దారి తెరిచే వాల్వు) పీకేయడం మన దగ్గర అలవాటు, ఆ పని చేయొద్దు, రేడియేటర్‌ను విప్పించి రాడింగ్ (కడ్డీతో గొట్టాలు శుభ్రం చేయడం) చేయించండి.

బండి రోడ్డెక్కే ముందు అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు చూడ్డానికి బాగున్నా మార్చేయండి. 1967 నుంచి మస్టాంగ్‌కు ముందు వెనక చక్రాలకు విడివిడిగా పనిచేసే డబుల్ మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టే భాగం) వచ్చింది, ఒకటి పోయినా ఇంకోటి ఆపుతుంది, అది మీ అదృష్టం. విడిభాగాల గురించి దిగులు వద్దు, మస్టాంగ్‌కు బాడీ షెల్‌తో సహా దాదాపు ప్రతీదీ అమెరికాలో ఇప్పటికీ కొత్తగా దొరుకుతోంది. ఒక్కొక్కటిగా కాకుండా లిస్టు రాసుకుని ఒకేసారి తెప్పిస్తే కొరియర్ ఖర్చు తగ్గుతుంది. దసరా అంటే ఏ దసరా అన్నది మాత్రం ఆ బకెట్ నీళ్ళు పోశాక చిన్నాయనకు నెమ్మదిగా చెప్పు.

ప్రశ్న: జడ్చర్ల నుంచి రాస్తున్నాను. నా 1969 షెవర్లే కమారో పొద్దున బాగానే నడుస్తుంది, మధ్యాహ్నం ఎండలో ఆగితే మళ్ళీ స్టార్ట్ కాదు, పెట్రోల్ వాసన కూడా వస్తోంది.

జవాబు: వాసన పోయేదాకా బండి తీయకండి, ఇది మొదటి మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అప్పటి రబ్బరు దానికి తట్టుకోదు. ట్యాంకు నుంచి కార్బరేటర్ దాకా ఉన్న రబ్బరు పైపులను చేత్తో వంచి చూడండి, వంపులో సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి. వాటి స్థానంలో వైటాన్ (ఇథనాల్‌కు తట్టుకునే రబ్బరు) రకం పైపులు వేయించండి, ఫ్యూయెల్ పంపు లోపలి రబ్బరు పొర (డయాఫ్రమ్), కార్బరేటర్ లోపలి చిన్న పంపు రబ్బరు కూడా మార్చండి. ఎండలో ఆగిపోవడానికి కారణం ఇంజిన్ వేడికి కార్బరేటర్ గిన్నెలోని పెట్రోల్ మరిగిపోవడం. కార్బరేటర్ కింద వేడి ఎక్కనివ్వని మందపాటి స్పేసర్ వేసి, పెట్రోల్ పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరిపిస్తే చాలావరకు తగ్గుతుంది. ఇథనాల్ వల్ల పెట్రోల్, గాలి మిశ్రమం పలుచబడుతుంది (గాలికి తగ్గ ఇంధనం అందదు) కాబట్టి కార్బరేటర్‌లో పెట్రోల్ కొలిచి వదిలే జెట్లు ఒక సైజు పెద్దవి వేయాల్సి రావచ్చు, ప్లగ్గుల రంగు చూసి నిర్ణయించండి, తెల్లగా ఉంటే వేయాలి. డిక్కీలో ఒక ఫైర్ సిలిండర్ తప్పకుండా ఉంచండి.

ప్రశ్న: వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని రోజూ వనపర్తిలో నా ఉద్యోగానికి తీసుకుపోవచ్చా అన్నా?

జవాబు: కుదరదు చెల్లీ. ప్రదర్శనలకు, వింటేజ్ ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోల్ పోయించడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డు ఎక్కొచ్చు. అలాగని షెడ్డులో కదలకుండా పెట్టకు, పదిహేను రోజులకు ఒకసారి బంకు దాకా తీసుకెళ్ళు. ఊరికే రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సైలెన్సర్‌లో, ఆయిల్‌లో తేమ మిగిలిపోతుంది, కనీసం అరగంట ఆయిల్ బాగా వేడెక్కేలా నడిపి తెచ్చి, చల్లారాక కవర్ కప్పు.